మా ఇంట్లో అందరికీ డెబ్బై రెండే

4 ఆగస్టు

ఫారం నింపనిదే నీళ్లలోకి దింపరట. పేరు యూనీస్. వయసు ముప్పై ఒకటి. ఎన్నో నెల? ఆరు దాటింది. ఎన్నో కాన్పు? మొదటిది. షుగర్ లేదు, బీపీ లేదు. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా? లేదు అని రాశాను. మిగతా అన్నిటికీ రాసినంత వేగంగానే రాశాను.

రాహేలు అక్క పోయి రెండేళ్లు. ఎనిమిదో నెలలో పోయింది, కడుపులో బిడ్డతో సహా. పెద్దాసుపత్రి కాగితం మీద గుండె ఆగి అని రాసిచ్చారు. ఎవరు పోయినా గుండె ఆగే పోతారు, అందులో జబ్బేముంది? ముందు రోజు సాయంత్రం అక్క నాడి చూసింది నేనే. డెబ్బై రెండు. కాబట్టి లేదు అని రాయడం అబద్ధం కాదు.

నడుం నొప్పికీ కాళ్ల వాపుకీ నీళ్లలో వ్యాయామం మంచిదని డాక్టరమ్మ పంపింది. అసలు కారణం అది కాదని నాకు తెలుసు. మా కాపురం ఉండే కూరెకుప్ప నుంచి పుట్టింటికి వచ్చినప్పటి నుంచి నేను మంచం దిగడం లేదని అమ్మ ఆమెకు చాడీలు చెప్పింది. దిగను. అక్క ఈ గాంధీనగర్ ఇంట్లో ఆ నెలల్లో తిరిగింది, మెట్లెక్కింది, బట్టలుతికింది. ఏమైంది? అమ్మ నన్ను అక్క పడుకున్న మంచం మీదే పడుకోబెట్టింది. ఇంట్లో ఇంకో మంచం లేదు.

ఈత కొలను అంటే ఏమో అనుకున్నాను. రేకుల షెడ్డు కింద పెద్ద సిమెంటు తొట్టి. ఒక పక్క నడుం లోతు, ఇంకో పక్క మెడ దాకా. ఆడవాళ్లకు పదకొండు గంటలకు. తువ్వాళ్లిచ్చే లక్ష్మక్క నా పొట్ట చూసి, “మగపిల్లోడే. ముందుకు పొడుచుకోనుండాది” అని తీర్పు చెప్పేసింది. ఈ రోజుకు గట్టు మీద కూర్చుని కాళ్లు మాత్రం తడుపుకుని వచ్చాను.

6 ఆగస్టు

వెళ్లలేదు. వాన అని ఫోన్ చేసి చెప్పాను. వాన లేదు.

8 ఆగస్టు

దిగాను.

లెగ్గింగ్సూ, మా ఆయన టోనీ పాత టీషర్టూ వేసుకుని, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ. నీళ్లు రొమ్ముల దాకా వచ్చేసరికి పొట్ట బరువు ఎవరో చేతుల్లోకి తీసుకున్నట్టయింది. ఆరు నెలల తర్వాత మొదటిసారి నా నడుం నాకు గుర్తు రాలేదు. నవ్వొచ్చింది కూడా. వెంటనే భయమేసింది, నవ్వినందుకు.

నేర్పే అమ్మాయి పేరు నేత్రావతి. ఫిజియోథెరపీ చదివింది, నాకంటే చిన్నది. మాట కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో దింపుతుంది.

“నిధాన మేడం, నిధాన. నీళ్లు కాళ్లను నాలుగు పక్కలా నొక్కతాయి. ఆడ నిలిచిన నెత్తురు పైకి పోతాది. గుండెకు నెత్తురు నిండుగా వస్తే ఒక్కో దెబ్బకు ఎక్కువ తోస్తాది. అందుకే నీళ్లలో తక్కువ సార్లు కొట్టుకుంటాది. ఇదే పని గట్టు మీద చేయండి, నిమిషానికి ఇంకో పది దెబ్బలన్నా ఎక్కువ పడతాయి.”

ముందుకు నడక, పక్కకు నడక, కమ్మీ పట్టుకుని మోకాళ్లు ఎత్తడం, చేతులతో నీళ్లను నెట్టడం. మధ్యలో రెండుసార్లు బాత్రూంకి పరుగు. నీళ్లలో దిగితే అందరికీ అంతేనట. లక్ష్మక్క మాత్రం “కొళాయి తిప్పినట్లుంది” అని షెడ్డంతా వినపడేలా నవ్వింది. బయటికి వచ్చేటప్పుడు పోయిన బరువంతా తిరిగి మీద పడింది. తల తిరిగింది. మెట్టు మీద రెండు నిమిషాలు కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి చూసుకుంటే బిగిసిపోయిన ఉంగరం వదులుగా తిరుగుతోంది.

ఒకటి రాయాలా వద్దా అనుకున్నాను. చివర్లో గట్టుకు తల ఆనించి, చెవులు మునిగేదాకా నీళ్లలో ఉన్నాను. లోపల కొట్టుకోవడం వినిపించింది. రెండు చప్పుళ్లున్నట్టు అనిపించింది. ఒకటి నాది. రెండోది బిడ్డదేమో అని నేత్రావతిని అడిగితే, బిడ్డది మన చెవికి వినపడదు మేడం అంది. మరెవరిది అని అడగలేదు.

సాయంత్రం నాడి చూసుకున్నాను. డెబ్బై రెండు.

10 ఆగస్టు, ఆదివారం

ఆరాధన అయ్యాక సాలొమోను బావ వచ్చాడు. తెక్కలకోట నుంచి రెండు బస్సులు మారి నెలకోసారైనా వస్తాడు. అక్క పోయినా అత్తగారింటికి రావడం మానలేదు. అలసందకాయల సంచి అమ్మ చేతికిచ్చి, నా పొట్ట వైపు చూడకుండా కూర్చుంటాడు.

“సాలొమోనప్పా, ఇంకో ముద్ద పెట్టుకో” అని అమ్మ అంటే పెట్టుకుంటాడు. చాలంటే చాలంటాడు. చేయి కడుక్కునే ముందు ప్రతిసారీ అదే మాట.

“ఆ పొద్దు పల్స్ బాగానే ఉండె గదా యూనీ. నువ్వు చూస్తివి గదా. ఇంగ ఎవరేం చేస్తారు. దేవుడు పిలుచుకున్యాడు.”

“బాగానే ఉండింది బావా. డెబ్బై రెండు.”

ఆ మాట తీసుకుని వెళతాడు. దాంతో ఇంకో నెల బతుకుతాడు. ఇచ్చేది నేను.

ఇది అమ్మ నేర్పిన లెక్క. అమ్మ ముప్పై నాలుగేళ్లు మిషన్ ఆసుపత్రిలో నర్సు. పల్లెల్లో క్యాంపులకు వెళ్లినప్పుడు నలుగురు నర్సులకు ఒకే గడియారం ఉండేదట. అందుకని పరలోక ప్రార్థనతో నాడి చూసేవాళ్లు. నిదానంగా చెబితే ప్రార్థన సరిగ్గా అర నిమిషం. ఒక చేత్తో మణికట్టు పట్టుకుని, పెదాలు కదపకుండా ప్రార్థన చెప్పుకుంటూ, ఇంకో చేతి వేళ్ల కణుపుల మీద దెబ్బలు లెక్కపెట్టాలి. ఆమేన్ దగ్గర ఆపి రెండింతలు చేయాలి. అక్కకూ నాకూ చిన్నప్పుడు అదే ఆట. వచ్చిన చుట్టాలందరి చేతులూ పట్టుకునేవాళ్లం. ఎవరిది చూసినా ముప్పై ఆరు, డెబ్బై రెండు. మా ఇంట్లో అందరికీ డెబ్బై రెండే అని నాన్న ఊరంతా గొప్పలు చెప్పుకునేవాడు.

11 ఆగస్టు

ఈ రోజు మెడ లోతుకు తీసుకెళ్లింది. నీళ్లు గొంతు దగ్గరికి రాగానే ఎదురురొమ్ము మీద ఎవరో అరచెయ్యి ఆనించినట్టయింది. గట్టిగా కాదు, ఆపడానికి ఆనించినట్టు. కాళ్లు కింద ఆనలేదనిపించింది, ఆనే ఉన్నాయి. అరిచానేమో తెలియదు. నేత్రావతి నడుం పట్టుకుని పక్కకు తెచ్చింది.

అలవాటు కొద్దీ నాడి పట్టుకున్నాను. డెబ్బై రెండు.

“ఏం లేదు. బాగానే ఉంది” అన్నాను.

ఆ పిల్ల గోడ గడియారం వైపు చూస్తూ నా రెండో చేయి పట్టుకుంది. “నూట ఇరవై” అంది.

“కాదు. డెబ్బై రెండు.”

“మీరు ఎట్ల చూసినారు మేడం?”

చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. మా తాతమ్మ కూడా అన్నం ఉడికేది పాటతోనే లెక్కపెడుతుండె అంది. తర్వాత మెల్లగా, “గుండెకు అట్లాంటిది వద్దు. నీళ్లలో అయితే నేను నంబర్ కూడా నమ్మను. మాట చూస్తాను. మాట్లాడతా నడవాల. మాట తెగిందంటే నిలబడాల” అంది.

మా అమ్మ ముప్పై నాలుగేళ్ల నర్సు అని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను.

13 ఆగస్టు

వెళ్లలేదు. ఆ షెడ్డులో తేమకు గడియారం పాడయి ఉంటుంది.

15 ఆగస్టు

అమ్మ చర్చి బడిలో జెండా ఎక్కించడానికి వెళ్లింది. ఇంట్లో ఎవరూ లేరు. వంటింటి గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే మొదలుపెట్టాను. ఆమేన్ దగ్గర కణుపులు ముప్పై ఆరు. గడియారం చూస్తే ఇరవై అయిదు సెకన్లు.

మిద్దె మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి వచ్చి మళ్లీ కూర్చున్నాను. కణుపులు ముప్పై ఆరు. పద్దెనిమిది సెకన్లు.

బడిలో ఏడో తరగతికి నేను చెప్పే లెక్కే. పద్దెనిమిది సెకన్లకు ముప్పై ఆరు అయితే నిమిషానికి ఎంత? నూట ఇరవై.

వేలి కింద దెబ్బ పడితే నోట్లో మాట పడుతుంది. ఒక్కో మాటా నాడిని పట్టుకుని నడుస్తుంది. నాడి పరుగెత్తితే ప్రార్థనా పరుగెత్తుతుంది. ఎవరి చేయి పట్టుకున్నా ఆమేన్ దగ్గరికి వచ్చేసరికి ముప్పై ఆరే. జ్వరం వచ్చినవాళ్లకీ ముప్పై ఆరే, చావబోయేవాళ్లకీ ముప్పై ఆరే. అక్కకూ నాకూ అన్నీ ఆటలాగే నేర్పింది అమ్మ.

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

ఆ సాయంత్రం అక్క ఈ మంచం మీదే గోడకు మూడు దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదని రెండు రోజులుగా కూర్చునే నిద్రపోతోంది. దగ్గు. పాదాలు వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేవి. నెలలు నిండేటప్పుడు అందరికీ ఉండేదేలే అనుకున్నాం. అందరం అనుకున్నాం.

“యూనీ, చూడే. గుండె దడదడమంటాంది” అంది.

చేయి పట్టుకున్నాను. మణికట్టు చల్లగా, చెమటగా ఉంది. ప్రార్థన చెప్పుకున్నాను. ఎంత వేగంగా చెప్పుకున్నానో ఇప్పుడు వినిపిస్తోంది.

వంటింట్లోంచి అమ్మ అడిగింది. “ఎంతుండాదే?”

“డెబ్బై రెండు.”

“చూడు, ఏం ల్యా. ఊరికే భయపడతాండావు. పండుకో పాపా” అంది అమ్మ అక్కతో.

ఆటో పిలవలేదు. ఆసుపత్రి పది నిమిషాల దూరం. తెల్లవారి అయిదింటికి పిలిచాం.

17 ఆగస్టు, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. ఆ ప్రార్థన అందరూ కలిసి చెబుతారు.

18 ఆగస్టు

మానేద్దామనుకున్నాను. వెళ్లాను. లోతుకు రానని చెబితే నేత్రావతి రొమ్ము లోతులోనే నడిపించింది.

నడుస్తూ మాట్లాడాలన్నది దాని పట్టు. “ఏమన్నా చెప్పండి మేడం. అక్కచెల్లెళ్లు ఉండారా?”

“అక్క ఉంది” అన్నాను. ఉంది అన్నాను. “రాహేలు. నాకంటే నాలుగేళ్లు పెద్దది. నా జడ అదే వేసేది. నెత్తి మాడు ఊడిపోయేలా దువ్వేది. కోపమొస్తే వారం రోజులు మాట్లాడదు. పులిహోర చేస్తే...”

మాట తెగింది.

“నిలబడండి” అంది నేత్రావతి వెంటనే. “ఊపిరి అందల్యానా?”

“అందుతోంది.”

“మరి?”

ఈ అమ్మాయి నాకేమీ కాదు. అందుకే చెప్పగలిగానేమో. “ఆ ఫారంలో తప్పు రాశాను. అక్క లేదు. ఎనిమిదో నెలలో గుండె జబ్బుతోనే చచ్చిపోయింది. డాక్టరమ్మకు కూడా చెప్పలేదు.”

దాని మొహం మారిపోయింది. తిట్టలేదు. నా రెండు మోచేతులూ పట్టుకుని, మెట్టు మీద ఒక్కో నిమిషం ఆపి ఆపి గట్టు మీదికి తెచ్చింది. లక్ష్మక్క తువ్వాలు కప్పింది. ఈసారి ఎగతాళి చేయలేదు.

“నీళ్లు గుండెకు నెత్తురు నెడతాయని చెప్తి గదా మేడం. గట్టి గుండె అయితే దాన్ని అందుకోని నిమ్మళంగా కొట్టుకుంటాది. బలం ల్యాని గుండె అయితే అంత నెత్తురు ఒగేసారి వస్తే తట్టుకోల్యాదు. అందుకే ఆ ఫారంలో అది అడుగుతాం. మిమ్మల్ని మెడ లోతుకు తీసుకోనిపోతి నేను. ఏమన్నా అయ్యుంటే?”

ఆ పిల్ల తడి చేతులతోనే నా ఫారం తీసి మళ్లీ చదివింది. తనేదో తప్పు చేసినట్టు. నా కడుపులో నా బిడ్డ. దాన్ని మెడ లోతు నీళ్లలోకి దింపింది నేను, ఒక చిన్న అబద్ధం నిలబెట్టుకోవడానికి. ఇంత దుర్మార్గం నాలో ఉందని నాకు తెలియదు. అక్కకు గుండె జబ్బు అని ఒప్పుకుంటే ఆ డెబ్బై రెండు అబద్ధమవుతుంది, అంతే కదా నా భయం.

గుండెకు ఎకో స్కాన్ తీయించుకుని, డాక్టరమ్మ సరేనంటేనే మళ్లీ దిగనిస్తుందట.

20 ఆగస్టు

ఎకో తీయించుకోవాలని అమ్మతో చెప్పాను. ఎందుకని అడగలేదు. పర్సు తీసి సంచిలో పెట్టుకుంది. కూరగాయలవాడు పైసా తక్కువిస్తే వీధి చివరిదాకా ఆరా తీసే మనిషి.

టోనీకి ఫోన్‌లో అంతా చెప్పాను. ప్లాంట్ చప్పుడులో సగం వినపడలేదు. విన్న సగానికే, “రేపే పో. డ్యూటీ మార్చుకోని నేనూ వస్తా” అన్నాడు. వద్దన్నాను. అమ్మతో నేను ఒక్కదాన్నే వెళ్లాలనిపించింది.

22 ఆగస్టు

ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, రొమ్ము కింద చల్లని జెల్ రాసి చూశారు. తెర మీద నా గుండె. లోపల చిన్న రెక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. దాన్ని చూస్తూ అక్కది ఎలా ఉండేదో అనుకున్నాను. ఎవరూ చూడలేదు, చూడమని ఎవరమూ అడగలేదు.

“బాగుండాదమ్మా, గట్టిగా కొట్టుకుంటాంది” అంది డాక్టరమ్మ. “అయినా వదిలిపెట్టను. నెల నెలా చూస్తా. కాన్పు అయినాంక కూడా చూస్తా. నీళ్లలో దిగొచ్చు, రొమ్ము లోతు దాటొద్దు. పండుకుంటే ఊపిరాడకపోయినా, గుండె దడ వచ్చినా ఆ క్షణమే రావాల. మీ అక్క సంగతి ముందే చెప్పాల్సింది.” తర్వాత అమ్మ వైపు తిరిగింది. “ఆ పొద్దు పెద్దమ్మాయి పల్స్ ఎవరన్నా చూసినారా?”

నేను నోరు తెరిచాను.

“నేనే చూసినా” అంది అమ్మ.

ఆటో ఎక్కాం. నన్ను కాపాడటానికి అబద్ధమాడిందనుకున్నాను. ఇంటికొచ్చాక, పప్పు పొయ్యి మీద పెట్టాక, అడిగాను. డాక్టరమ్మకు అలా ఎందుకు చెప్పావని.

“నిజమే చెప్పినా. ఆ సాయంత్రం నువ్వు స్నానం చేసేకి పోయినప్పుడు నేను పోయి దాని చెయ్యి పట్టుకుంటి. నాకూ డెబ్బై రెండే వచ్చె.”

“గడియారం పెట్టుకోని చూసినావా?”

“ల్యా. ప్రార్థనతోనే.”

“నువ్వు నర్సువు గదమ్మా. నాకు తెలియదు, నీకు తెలుసు గదా అది పల్లెల్లో ఏదో గతి లేక చేసేదని. గోడకు గడియారం ఉండె గదా.”

“ఉండె. తల తిప్పితే చాలు.”

“మరి తిప్పలేదేం?”

అమ్మ గరిటె కింద పెట్టింది. “తిప్పితే తెలుస్తాది గదమ్మీ” అంది.

అక్క పాదాలు చూసి, దాని దగ్గు విని అమ్మకు అనుమానం వచ్చింది. వచ్చింది కాబట్టే తల తిప్పలేదు. పొద్దున పోదాంలే, రేపు డాక్టర్ ఉంటాడులే అనుకుందట. రెండేళ్లుగా ఈ మాట తన దగ్గరే పెట్టుకుంది. నేను నా డెబ్బై రెండు మోసుకుంటూ అదే ఇంట్లో, అదే మంచం మీద తిరుగుతూ ఉంటే చూస్తూ ఊరుకుంది. అమ్మను కొట్టాలనిపించింది. అమ్మ ఒళ్లో పడి ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. పప్పు అడుగంటింది, అదే తిన్నాం.

24 ఆగస్టు, ఆదివారం

బావ ఈసారి రెండు వారాలకే వచ్చాడు. ఎకో సంగతి టోనీ చెప్పాడట. నాకు బాగుందని తెలిసి చూడటానికి వచ్చాడు. మొదటిసారి నా పొట్ట వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఈ రోజుకు వదిలేద్దామనిపించింది. అమ్మ కూడా కళ్లతో వద్దనే చెప్పింది.

కానీ చేయి కడుక్కునే ముందు అన్నాడు. “నీది బాగుండాది, సంతోషం. దానిది కూడా ఆ పొద్దు బాగానే ఉండె గదా యూనీ.”

“లేదు బావా” అన్నాను.

చెప్పాను. ప్రార్థన, కణుపులు, పద్దెనిమిది సెకన్లు. నేను చూసింది, నా తర్వాత అమ్మ చూసింది. అమ్మ గడప దగ్గర కూర్చుని, నేను ఆగిన చోటల్లా తను అందుకుని చెప్పింది. ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా బావ విన్నాడు. అరుస్తాడనుకున్నాను. లేచి వెళ్లిపోతాడనుకున్నాను.

“మరి ఎంత ఉండె?” అన్నాడు.

“తెలీదు బావా. ఎవరమూ చూడలేదు.”

కంచం పక్కకు జరిపాడు. “ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసె. గుండె దడదడమంటాంది, నాకేందో భయమైతాంది, రా అనె. యూనీ పల్స్ చూసెనా, ఎంతుండాదంట అంటి. చూసె, డెబ్బై రెండంట అనె. మరి ఇంగేంది, పండుకో, పొద్దున వస్తా అంటి.” లేస్తూ, “అది నిజమే చెప్పింది. ఫోన్ పెట్టేసింది నేను” అన్నాడు.

చేయి కడుక్కున్నాడు. అమ్మ తువ్వాలిచ్చింది. మూడింటి బస్సుకు వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడొస్తాడో చెప్పలేదు, మేము అడగలేదు.

అక్క ముగ్గురికి చెప్పింది. ముగ్గురం దాన్ని పడుకోమన్నాం, నేను ఇచ్చిన అంకె చూపించి.

రేపు సోమవారం. నీళ్లలోకి వెళతాను. బిడ్డ ఈ పూట బాగా కదులుతోంది. అక్క వచ్చి ఈ మంచం చివర కూర్చుంటే కూర్చోనీ, దాని మంచమే. నాకు ఊపిరి అందకపోతే మాత్రం అందలేదని చెబుతాను. గుండె దడగా ఉంటే దడగా ఉందని చెబుతాను. ఏం లేదు పడుకో అంటే లేచి నిలబడి మళ్లీ చెబుతాను. ఎవరో ఒకరు నమ్మి ఆటో పిలిచేదాకా చెబుతూనే ఉంటాను.